చెరువు కట్ట మీది వీరగల్లు

కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కితే అది తాడ్వాయి, లింగంపేట మీదుగా పోతుంది. లింగంపేటలో దిగి నాగన్న బావి చూశాను. మెట్ల వరసలతో లోలోపలికి దిగే ఆ రాతి బావిని ఈమధ్యే బాగుచేశారు. అయితే నన్ను ఈ దారికి రప్పించింది వీరగల్లులు. పోరులో ప్రాణం విడిచినవాళ్ల పేరు నిలవాలని వెనకటివాళ్లు పాతిన రాళ్లవి. తెలంగాణ పల్లెల్లో గుడి ముంగిట, చెరువు కట్టల మీద ఇప్పటికీ కనిపిస్తాయి.

ఎల్లారెడ్డి వైపు పోతుంటే ఒక ఊరి చెరువు కట్ట మీద అలాంటిదొకటి కనబడింది. నడుమెత్తు గ్రానైట్ పలక, మూడు అరలు. నడినెత్తిన ఎండ ఉన్నంతసేపూ బొమ్మ ఆనలేదు. చెక్కడం వేలి మందం లోతు కూడా లేదు. పొద్దు వాలి వెలుగు పక్కనుంచి పడేసరికి ప్రతి గీతకూ నీడ వచ్చింది.

కింది అరలో యుద్ధం. నిలువు గీత ఒక్కటీ లేదు. పైకి లేచిన గుర్రం ముంగాళ్లు, వీరుడి ఈటె, ఎదుటివాడి వంగిన వీపు, అన్నీ ఏటవాలుగా ఒకదాన్నొకటి కోసుకుంటున్నాయి. వేలు పెట్టేంత జాగా వదల్లేదు శిల్పి. నడిమి అరలో అప్సరసలు చెరో పక్కా పట్టుకుని వీరుణ్ని పైకి తీసుకుపోతున్నారు. ఇక్కడ ఉలి మెత్తబడింది. నడుములన్నీ వంపులే, కాళ్లు గాలిలో వెనక్కి మడిచి ఉన్నాయి. వీరుడి చేతిలో ఆయుధం లేదు. పై అరలో శివలింగం, దాని ముందు చేతులు జోడించి కూర్చున్న అతనే. చుట్టూ చెక్కకుండా వదిలేసిన రాయి. ఆ ఖాళీయే కైలాసం! అన్నిటికీ పైన సూర్యచంద్రులు.

ముఖాలకు కళ్లూ ముక్కూ తీర్చలేదు. అది చేతకానితనమని నేననుకోను. గ్రానైట్ పలుకు ముతక. సన్నగీత పెట్టబోతే అంచు లేచిపోతుంది. 1213 నాటి రామప్ప గుడిలో మదనికల నగలు అంత సన్నంగా తీరాయంటే అక్కడి నల్లరాయి పలుకు సన్నం కాబట్టే. ముఖం పలకని చోట ఈ శిల్పి భారమంతా మెడ మీద పెట్టాడు. కింది అరలో అది ముందుకు దూకుతోంది, నడుమ పక్కకు వాలింది, పైన నిటారుగా నిలిచింది. తెగువ, సెలవు, ఊరట, మూడూ ఆ ఒక్క గీతలోనే. నేనెంతో సేపు ఆ మెడలనే చూస్తూ కూర్చున్నాను.

బర్రెలను తోలుకుపోతున్న ఒక అవ్వ ఆగింది. "ఏం జూస్తున్నవ్ బిడ్డా?"

"ఈయనెవరు అవ్వా?"

"మా వీరన్న. కట్ట తెగకుంట కాస్తడు." కర్రతో పై అర చూపించి, "గాడ సూడు, ఎంత సల్లగ కూసున్నడో" అంది.

శిల్పి వదిలిన ఖాళీ ఆమెకు సరిగ్గా అందింది.

ఎల్లారెడ్డి దగ్గర ఒక హనుమంతుడి రాయి చూశాను. ఏళ్ల తరబడి పూసిన సిందూరం కింద లోపలి గీతలన్నీ మూసుకుపోయాయి. అయినా ఎత్తిన చెయ్యి, తల మీదుగా తిరిగిన తోక, ముందుకు పడుతున్న అడుగు ఆ ఉగ్రాన్ని ఇంకా మోస్తున్నాయి. వీరగల్లుకు అంత బలమైన అంచురేఖ లేదు. దాని ప్రాణం లోపలి గీతల్లోనే ఉంది. మీ ఊరి కట్ట మీద అలాంటి రాయి ఉంటే ఎనామిల్ రంగు వేయనివ్వకండి. కట్ట వెడల్పు చేసే రోజున, దాన్ని ముందుగా పక్కకు తీసి పెట్టమని దగ్గరుండి అడగండి.