బుడ్డల పొట్టు చెత్తేనా?

ఆదోని నుంచి రాయచూరు పక్కకు పోయే ప్యాసింజరు ఎక్కండి. కోసిగి వచ్చేలోపు పెట్టెలో ఎవరో ఒకరు ఉడకబెట్టిన బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, ఒలుస్తూనే ఉంటారు. పొట్టంతా కాళ్ళ కిందకో, కిటికీ బయటికో పోతుంది. "ఏమప్పా, అట్ల పారేస్తావే?" అంటే, "పొట్టే కదన్నా, మన్నులో కలిసిపోతాది" అంటారు. మామిడి టెంకో, అరటితొక్కో పడేసేటప్పుడు మనమూ చెప్పుకునే మాటే అది. అందులో నిజమెంతో కాస్త తీరుబడిగా మాట్లాడుకుందాం, రండి.

మన్నులో కలిసే గుణం దానికి ఉంది, కాదనను. అయితే కలిపేది సూక్ష్మజీవులు. వాటికి తడి కావాలి, గాలి కావాలి. కోసిగి దిక్కు ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్, అక్టోబరు మధ్యే పడిపోతుంది. మిగతా నెలల్లో బండల మీద పడ్డ అరటితొక్క కుళ్ళదు, ఎండుతుంది. నల్లబడి, బిరుసెక్కి, పాత చెప్పు తోలులా అక్కడే పడి ఉంటుంది. బుడ్డల పొట్టు ఇంకా మొండిది. ఎండినదొకటి చేతిలోకి తీసుకుని నలపండి: పెళుసుగా విరుగుతుందే గాని మెత్తబడదు. చెట్ల మానుకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ అందులోనూ ఉంది. పట్టాల కంకర మీద అది ఎరువయ్యేదెప్పుడు?

మన పెద్దవాళ్ళకు ఈ లెక్క తెలుసు. గంజి, కూరగాయల తొక్కలు కుడితి తొట్టికి పోయేవి. పేడ, బూడిద, పశువులు మిగిల్చిన చొప్ప దిబ్బకు చేరేవి. పేడలో తడీ నత్రజనీ, చొప్పలో కర్బనం. రెండూ కలిసి మాగితే దిబ్బ లోపల వేడి పుడుతుంది, చెత్త నల్లటి ఎరువవుతుంది. వానలకు ముందే దాన్ని బండ్లకెత్తి చేలకు తోలేవాళ్ళు. ఆ పొట్టే దిబ్బలో పడితే ఎరువు, దారిలో పడితే చెత్త. తేడా పొట్టులో లేదు, పడే చోటులో ఉంది.

చట్టం చెప్పేదీ ఇదే. 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు తడిచెత్తను వేరుగా ఉంచమన్నాయి. వీధుల్లో, కాలువల్లో ఏ చెత్తా వేయొద్దన్నాయి, తొక్కలకు మినహాయింపు ఇవ్వలేదు. స్టేషన్లలో, రైళ్ళలో చెత్త వేస్తే రూ.500 దాకా జరిమానా వేసేందుకు రైల్వేకు 2012 నుంచే నిబంధన ఉంది.

జరిమానా కన్నా పెద్ద నష్టం మూగజీవాలది. తొక్కల్ని మనం ఉత్తగా పారేయం, కవరులో కట్టి మరీ పారేస్తాం. వాసనకు వచ్చిన ఆవు ముడి విప్పలేదు, కవరుతోనే మింగుతుంది. మన సీమలోనే, పుట్టపర్తిలోని కరుణ సొసైటీ వాళ్ళు వీధి ఆవులకు ఆపరేషన్ చేసి, కడుపుల్లోంచి పదుల కిలోల ప్లాస్టిక్ తీశారు. ఆ గోడుతోనే 2012లో సుప్రీంకోర్టు మెట్లెక్కారు. తొక్క మెత్తనిదే, ఆవును అక్కడికి పిలిచింది మాత్రం అదే.

శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి పోయే భక్తులకూ ఒక మాట. కొబ్బరిపీచు, పూలు, అరటాకులు దేవుడికిచ్చిన పవిత్రమైన వస్తువులే. అందరూ ఒకేచోట గుట్టపోస్తే అడుగున గాలి ఆడదు, కంపు కొడుతుంది, ఈగలు ముసురుతాయి. ఒక్కరు వేస్తే కనబడనిది వేలమంది వేస్తే ఊరికి రోగమవుతుంది.

"ఇప్పుడు ఇంటింటా దిబ్బలేవి సామీ?" అంటారు. నిజమే. కానీ చాలా పంచాయతీల్లో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలు కట్టారు. తడిచెత్తను ప్లాస్టిక్ కలపకుండా ఇస్తే వానపాములు దాన్ని ఎరువు చేస్తాయి. పెరడుంటే ఒక మూల గుంత తవ్వి, తొక్కల మీద ఇంత మన్ను కప్పి, అప్పుడప్పుడు నీళ్ళు చల్లినా చాలు. రైల్లో ఒలిచిన పొట్టు తెచ్చిన పొట్లంలోనే ఇంటికి తీసుకుపోవచ్చు. భూమిలో సత్తువ తగ్గిందని రైతు దిగులుపడే సీమ మనది. ఆ సత్తువ కొంతైనా మన తొక్కల్లో, పొట్టులో ఉంది. దాన్ని దారిలో పోగొట్టుకోకుండా చేనికి చేరుద్దాం.