సాయంత్రం తెలుపు, ఎల్లుండికి ఎరుపు

నర్సరీకి వెళ్లి మాధవీలత కావాలని అడిగితే చాలాచోట్ల చేతిలో పెట్టేది రాధామనోహరం మొక్క. అడిగినవాళ్లకు తేడా తెలియదు, అమ్మినవాళ్లకు పట్టదు. తీగ పందిరెక్కి పూత పట్టాక గుత్తులు కళకళలాడుతూనే ఉంటాయి గనక ఎవరూ తగువుకు పోరు. నిజానికి ఈ రెండింటికీ చుట్టరికమే లేదు. రాధామనోహరం కరక్కాయ, తెల్లమద్ది, మన వీధుల్లో పెరిగే బాదం చెట్టు కుటుంబానిది. మాధవి కుటుంబం పూర్తిగా వేరు.

పువ్వు చూస్తే అనుమానం తీరిపోతుంది. మాధవి పూరేకుల అంచులు కుచ్చులు కుట్టినట్టు చీలికలుగా ఉంటాయి. తెల్లటి అయిదు రేకుల్లో ఒకదాని మీద మాత్రం పసుపు మరక. కేసరాల్లో ఒకటి మిగతావాటిని దాటి పొడుచుకొస్తుంది. కాయకు మూడు రెక్కలు. రాలేటప్పుడు గిరగిరా తిరుగుతూ దూరం పోతుంది. ‘అభిజ్ఞాన శాకుంతలం’ ఆరో అంకంలో దుష్యంతుడు శకుంతల బొమ్మ చూసుకుంటూ కుమిలిపోయింది ఈ తీగ అల్లుకున్న మండపంలోనే. కావ్యాల్లో ఇంత సుకుమారి అనిపించుకున్న ఈ లత రీయూనియన్, మారిషస్ దీవుల్లో అడవి చెట్ల మీదికెక్కి వాటిని అణిచేస్తోంది. ప్రపంచంలో అతి చెడ్డ ఆక్రమణ జాతులంటూ తయారుచేసిన 100 పేర్ల పట్టికలో దానికీ చోటు దక్కింది.

రాధామనోహరం పువ్వుది మరో తీరు. రెండు అంగుళాలు దాటిన సన్నటి గొట్టం, దాని కొసన అయిదు రేకులు. పొద్దుగూకే వేళ విచ్చుకుంటుంది, అప్పుడది దాదాపు తెలుపు. మర్నాటికి గులాబీ, ఆ మర్నాటికి ఎరుపు. మొగ్గలన్నీ ఒకేసారి విచ్చుకోవు గనక ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. కొత్త పువ్వు అడ్డంగా నిలబడుతుంది. గొట్టం అడుగున ఉన్న తేనె కోసం చీకట్లో పొడవాటి తొండమున్న పెద్ద చిమ్మటలు వస్తాయి. రంగు తిరిగేకొద్దీ పువ్వు తల వాలుస్తుంది. పగటి వంతు తేనెటీగలది, సీతాకోకచిలుకలది. వాసన కూడా రాత్రే చిక్కన. మధ్యాహ్నం ముక్కు దగ్గర పెట్టుకుని ఇంతేనా అని పెదవి విరిస్తే ఆ పువ్వుకు అన్యాయం చేసినట్టే.

బెంగాల్లోనూ ఇదే గందరగోళం. అక్కడా రాధామనోహరాన్ని మాధవీలత అనేస్తారు. రవీంద్రనాథ్ ఠాగూర్ దానికి మధుమంజరి అని కొత్త పేరు పెట్టి, ఆ పేరుతోనే కవిత రాశాడు. నర్సరీలు మాత్రం ఆయన మాట వినలేదు.

పూత లేని రోజుల్లో కాడను తడిమి చూడాలి. రాధామనోహరం ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. ఆకు రాలినా తొడిమ అడుగు ముక్క కాడనే అంటిపెట్టుకుని, గట్టిపడి ముల్లవుతుంది. ఈ కొక్కేలే పైకి ఎగబాకడానికి ఆసరా. కత్తెర పట్టినవాళ్లకు చేతి తొడుగులు తప్పనిసరి.

ఇక కాయ. అయిదు పలకల గోధుమరంగు కాయలో గింజ బాదంపప్పు రుచిలో ఉంటుందంటారు. చైనాలో, ఫిలిప్పీన్స్‌లో పిల్లల కడుపులో నులిపురుగులకు దీన్ని మందుగా వాడారు. మోతాదు మించితే ఎక్కిళ్లు, వాంతులు పట్టుకుంటాయి. ఇంటి వైద్యానికి పనికొచ్చే సరుకు కాదు. మన పెరళ్లలో కాయ పట్టడమే అరుదు కాబట్టి విత్తనం కోసం ఎదురుచూడనక్కర్లేదు. వానాకాలంలో కాస్త ముదిరిన కొమ్మ ముక్క నాటినా, కిందికి వంగిన తీగను మట్టిలో అంటు తొక్కినా బతుకుతుంది. మొదలు చుట్టూ పిలకలూ వస్తాయి, వాటిని వేరుతో సహా తీసి నాటుకోవచ్చు.

నాటిన కొత్తలో మొక్క గుబురుగా పొదలా పెరుగుతుంది. మోసపోయామని పీకేయకూడదు, అల్లుకునే తీగలు తర్వాత సాగుతాయి. రోజంతా ఎండ తగలాలి. నీడలోనూ బతుకుతుంది గానీ పూత పలచన. పశువుల ఎరువు, యూరియా అదేపనిగా వేస్తే పందిరి నిండా ఆకే. పూలు కొత్త చిగుళ్ల కొసన వస్తాయి గనక పూత అయిపోయాక మొహమాటం లేకుండా కత్తిరించాలి. వెదురు దడి దీని బరువుకు ఎన్నాళ్లో ఆగదు, ఇనుప పందిరే మేలు. కరెంటు స్తంభం పక్కన మాత్రం నాటకూడదు: పందిరి దాటాక అది వెతుక్కునేది ఆ తీగల్నే.