ప్లీడరీ వదిలిన చిత్రకారుడు

దామెర్ల రామారావు కన్నుమూసి నూరేళ్లయిందని, ఏదైనా రాసుకురమ్మని సంపాదకుడు పంపితే రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలకు వెళ్లాను. 1925లో మశూచి సోకి పోయేనాటికి రామారావుకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఆయన గురించే రాద్దామని లోపలికి అడుగుపెట్టాను. కానీ నా చూపు గోడల మీది పటాలను వదిలి ఒక మనిషి చేతుల దగ్గర ఆగిపోయింది.

బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరయిన మనిషి. ఒక పటం ముందు నిలబడి నోటు పుస్తకంలో పెన్సిలుతో గీస్తున్నారు. పటంలోని మనుషుల్ని గీయడం లేదు. ఒక రంగు ఎక్కడ ఆగి మరో రంగు ఎక్కడ మొదలవుతోందో ఆ హద్దుల్ని మాత్రం ఎక్కించుకుంటున్నారు. ఏళ్ల తరబడి నోట్లు లెక్కపెట్టిన వేళ్లు. గీత తప్పితే చెరపరు, పక్కనే ఇంకోటి గీస్తారు.

"ఇంటి దగ్గర ఉత్త రంగులే వేస్తానండి, బొమ్మలుండవు. ఇందులో ఏముందని మా ఆవిడ అడుగుద్ది. వరదొచ్చినప్పుడు గోదాట్లో ఏం కనపడుద్ది, ఎర్రనీళ్లే గదా అంటాను" అన్నారు. కాస్త ఆగి, "ఇరవయ్యేళ్లప్పుడు మా కాలేజీలో ఎవరో ఒకరు నన్నిక్కడికి తీసుకొచ్చుంటే బాగుండేదండి" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. అలా తీసుకెళ్లే మనిషి ఈ ఊళ్లో ఒకప్పుడు ఉన్నాడు. 1909లో ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే. తానూ నీటిరంగులు వేసేవాడు. రామారావును బొంబాయి జె.జె. స్కూలుకు పంపింది ఆయనే. అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యుడే. భీమవరం ప్రాంతంలో పుట్టిన బాపిరాజు మద్రాసులో లా చదివి కొంతకాలం ప్లీడరీ చేశాడు. ఆ వృత్తిలో నిలవలేదు. బందరులో ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర చిత్రలేఖనం నేర్చుకున్నవాడు, 1934లో అక్కడి జాతీయ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యాడు. సినిమాలకు కళాదర్శకత్వం చేశాడు. ఆయన గీసిన ఒక చిత్రం పేరు 'శబ్దబ్రహ్మ'. చెవికే తప్ప కంటికి అందని దాన్ని రంగుల్లోకి దించబూనడం ఎంత సాహసం! నైరూప్య చిత్రకళ మనది కాదని మొహం తిప్పుకునేవాళ్లు ఆ పేరు దగ్గర కాసేపు ఆగాలి.

నా బాధ ఇదే. బాపిరాజు నవలలు 'నారాయణరావు', 'హిమబిందు', 'గోన గన్నారెడ్డి' తెలియని తెలుగు పాఠకుడు అరుదు. ఆ చేతితోనే గీసిన చిత్రాలు చూసినవాళ్లు ఎందరు? నవలాకారుణ్ని నెత్తిన పెట్టుకుని చిత్రకారుణ్ని గాలికొదిలేశాం. కాలేజీల్లో ర్యాంకులు లెక్కపెట్టడానికి మనుషులున్నారు. పిల్లవాడి పుస్తకం చివరి పేజీలో బొమ్మ కనపడితే రెండో చూపు చూసేవారు కరువయ్యారు. కూల్డ్రే చేసిన పనికి పెద్ద నిధులేం అక్కర్లేదు, చూసే కన్ను చాలు.

గోదావరి జిల్లాల అధ్యాపకులారా, ఈ ఏడాది ఒక్క తరగతినైనా ఈ చిత్రశాలకు తీసుకురండి. ఎవరింట్లోనైనా బాపిరాజు గీసిన పటం ఉంటే మంచి వెలుతురులో ఫొటో తీయించి, ఒక ప్రతిని రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి ఇవ్వండి.