రేవులో కుప్ప, చెరువులో సంచి

కాకినాడ చేపల రేవులో తెల్లవారకముందే వేలం పాటలు మొదలవుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం ముగిసి నేను వెళ్లేసరికి కొద్ది వారాలే అయింది. వంజరాలు, చందువలు, పెద్ద రొయ్యలు ఐసు పెట్టెల్లోకి వెళ్లిపోయాక గట్టు మీద ఒక కుప్ప మిగిలింది. వేలెడంత కవళ్లు, సావడాల పిల్లలు, నలిగిన పీతలు అందులో కలగలిసి ఉన్నాయి. పెరగనిస్తే రేపటి వేట అయ్యుండేవి ఎన్నో!

"ఇవెక్కడికి పోతాయమ్మా?" అని గంపతో నిలబడ్డ ఒకావిడను అడిగాను.

"పొడి మిల్లుకండి. ఇదివరకు మేమే ఏరుకుని ఎండేసుకుని ఊళ్లమ్మట అమ్ముకునేవాళ్లం. లారీవాళ్లు మొత్తం పాడేసుకుంటే మాకేం మిగులుతాయండీ?"

ఆమె మాట దారి పొడుగునా నన్ను వదల్లేదు. కిలో చేప పొడి తయారవ్వాలంటే నాలుగు కిలోలకు పైగా పచ్చి చేప కావాలి. కూలి ఇంట్లో వంకాయలో పడాల్సిన ఎండు చేప, విదేశీ పళ్లెంలోకి వెళ్లే రొయ్యకు మేతవుతోంది.

యానాం, అమలాపురం దాటి, చించినాడ వంతెన మీద వశిష్ఠ గోదావరిని దాటి, పాలకొల్లు మీదుగా భీమవరం చేరాను. పట్టణం వెలుపల ఒక వనామీ రొయ్యల రైతు చెరువు గట్టు మీద కూర్చుని చెక్ ట్రే పైకి లాగుతున్నారు. వేసిన మేతలో ఎంత మిగిలిందో చూసి తరవాతి పూటకు లెక్క కడతారు. ఖర్చులో సగానికి పైగా మేతదేనన్నారు. ఒకప్పుడు ఆయన టైగర్ రొయ్య వేసేవారు. దానికి నలభై శాతం దాకా మాంసకృత్తులున్న మేత కావాల్సి వచ్చేది. 2009లో అనుమతి వచ్చిన వనామీకి ముప్పై అయిదు చుట్టుపక్కల ఉన్నా సరిపోతుంది. అందుకే మేతలో చేప పొడి కొంత తగ్గి సోయా పిండి పెరిగింది.

"మరి పూర్తిగా మానేయొచ్చు కదండీ?" అన్నాను.

"రొయ్య తినాలి కదండీ! వాసన నచ్చకపోతే మేత ట్రేలోనే ఉండిపోద్ది. నీళ్లు పాడైపోతాయి."

ఆయన చెప్పింది నిజం. సోయాలో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం చాలదు, దాన్ని విడిగా కలపాలి. రొయ్యను రప్పించే రుచి కూడా చేప పొడిలోనే ఎక్కువ. అయినా దారులున్నాయి. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ దేశంలో దొరికే దినుసులతో వనామీ మేత తయారుచేసింది. ఈగ పురుగుల పిండి, నాచు నూనె కూడా వాడకంలోకి వస్తున్నాయి. నా భయం వేరే. బస్తాలో చేప పొడి శాతం తగ్గినా చెరువుల విస్తీర్ణం పెరుగుతూ పోతే, సముద్రం నుంచి తీసేది మొత్తం మీద తగ్గదు.

ఆకివీడు దాటి కైకలూరు వైపు వెళ్తే లోకం మారిపోతుంది. అక్కడ శీలావతి, బొచ్చె చేపల చెరువులు. నీళ్లలో వరసగా వెదురు గుంజలు, వాటికి చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ సంచులు. పొద్దున్నే ఒక కుర్రాడు పడవలో తిరుగుతూ నూనె తీసిన తవుడు, నూనెగింజల చెక్క నింపిన సంచుల్ని కట్టుకుంటూ పోతున్నాడు. సంచి నీళ్లను తాకిందో లేదో చేపలు వచ్చి చిల్లుల్లోంచి పీల్చుకుంటాయి. నేను చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. చల్లితే సగం అడుగున పడి కుళ్లిపోయే మేత, ఇలా కడితే దండగ కాదు. ఏ ప్రయోగశాలా చెప్పకముందే మన రైతులు పట్టుకున్న ఉపాయమిది. బెంగాల్‌కూ ఈశాన్య రాష్ట్రాలకూ లారీల్లో వెళ్లే ఈ చేప, వరి మిల్లు, నూనె మిల్లు మిగుల్చినదాన్ని తిని పెరుగుతుంది. దాని కోసం సముద్రంలో వల వేయనక్కర్లేదు.

రొయ్యను తవుడుతో పెంచలేం, ఆ సంగతి నాకు తెలుసు. కానీ చేయగలిగినవి చాలా ఉన్నాయి. కేరళ చాలా రకాల చేపలకు కనీస సైజు నిర్ణయించి అంతకన్నా చిన్నవాటిని పట్టకుండా కట్టడి చేసింది. మన రేవుల్లోనూ ఆ కొలత గట్టిగా అమలు కావాలి. ఇక మేత సంగతి. తిరుగు ప్రయాణంలో భీమవరం రైతు దగ్గర మళ్లీ ఆగి ఖాళీ బస్తా తిప్పి చూశాను. మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తేమ శాతాలు అచ్చు వేశారు. చేప పొడి ఎంతో, అది ఏ రేవు నుంచి వచ్చిందో ఎక్కడా లేదు. కొనేవాళ్లు అడిగితేనే అది బస్తా మీదికి వస్తుందన్నాను. కొత్త పంటకు మేత చెప్పేటప్పుడు డీలరును ముందు అదే అడుగుతానని, పక్క చెరువులవాళ్లతోనూ అడిగిస్తానని ఆయన మాటిచ్చారు.