పోపుల పెట్టెలో చిల్లు కాణీ

మీ ఇంట్లో పోపుల పెట్టె ఉందా? ఉండే ఉంటుంది. ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఎండుమిర్చి... అన్నిటికీ అడుగున మీవారి కంటపడకుండా దాచిన నోటు కూడా ఉండొచ్చు. నవ్వకండి, మనమందరం చేసే పనే! అలాంటి పెట్టె అడుగున ఉన్న ఒక చిల్లు కాణీని నేను చేజేతులా పోగొట్టాను. ఆ సంగతి చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

నాకు యుద్ధకాలం నాటి టోకెన్లు, చిల్లర పోగుచేసే పిచ్చి ఉంది. "చిన్నపిల్లలు గోళీలు దాచుకున్నట్టు ఏమిటే ఇది?" అని మావారు వేళాకోళం చేస్తుంటారు. ఈ పిచ్చి ఎలా పట్టుకుందంటే, 2012లో మా అమ్మాయి పురిటికని అమెరికా వెళ్ళాను. అక్కడ వేసవిలో ఇళ్ళ ముందు పాత సామాన్లు పరిచి అమ్ముకుంటారు కదా, అలా మా అమ్మాయి వాళ్ళ వీధిలోనే ఒకావిడ తన తల్లి పోయాక ఆమె సామాను అమ్మకానికి పెట్టింది. ఒక డాలరిచ్చి గుండీల డబ్బా కొన్నాను. మనవరాలి గౌన్లకి పనికొస్తాయి కదా అని! ఇంటికొచ్చి చాపమీద పోస్తే గుండీల మధ్య పదకొండు ఎర్రబిళ్ళలు కనిపించాయి. మన పావలా బిళ్ళకన్నా చిన్నవి. లోహం కాదు, ప్లాస్టిక్కూ కాదు. గట్టిగా నొక్కిన అట్టలా ఉన్నాయి. చిల్లులు లేవు, కుట్టుకోవడానికి వీల్లేదు.

మర్నాడు తీసుకెళ్ళి చూపిస్తే ఆవిడ మొహం వెలిగిపోయింది. "మా అమ్మవి. యుద్ధంలో మాంసం, వెన్న కొంటే తిరిగిచ్చే చిల్లర" అంది. డబ్బు తిరిగిచ్చి తీసుకోమన్నా తీసుకోలేదు. "మీరు అడిగారు, అదే చాలు" అంది.

అప్పటినుంచీ వాటి కథ తెలుసుకుంటూ వచ్చాను. మనం వంటింటి మనుషులం కాబట్టి మీకూ చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలోనూ రేషన్ పెట్టారు. 1942 మేలో పంచదారతో మొదలైంది. ఆ నవంబరులో కాఫీ. 1943 మార్చిలో డబ్బాల్లో నిలవచేసిన కూరలు, పళ్ళు, ఆపైన మాంసం, వెన్న, జున్ను. ఒక్కొక్క మనిషికీ ఒక్కొక్క పుస్తకం, అందులో చించి ఇచ్చే స్టాంపులు. డబ్బా సరుకులకీ, మాంసం, వెన్న వగైరాలకీ డబ్బుతోపాటు ఇన్ని 'పాయింట్లు' కూడా ఇచ్చుకోవాలి. డబ్బున్నా పాయింట్లు లేకపోతే సరుకు రాదన్నమాట!

1944 ఫిబ్రవరి 27 నుంచి ఒక్కో స్టాంపు విలువ పది పాయింట్లు చేశారు. ఏడు పాయింట్ల సరుకు కొంటే మిగతా మూడింటికీ చిల్లర కావాలి. ఆ చిల్లరే ఈ బిళ్ళలు. ఎర్రవి మాంసం, వెన్న వగైరాలకి, నీలంవి డబ్బా సరుకులకి. లోహమంతా యుద్ధానికే కావాలి కాబట్టి ఫైబరుతో చేశారు. రెండు రంగులూ కలిపి సుమారు రెండువందల కోట్లు తయారుచేశారట! అందుకే ఇవాళ్టికీ చవగ్గా దొరుకుతాయి. ప్రతి బిళ్ళమీదా ఒకటి అంకె, దాని చెరోపక్కా ఒక్కో ఇంగ్లీషు అక్షరం ఉంటాయి. ఎరుపులో 30 రకాల జతలు, నీలంలో 24. పోగుచేసేవాళ్ళ సరదా అంతా ఆ యాభైనాలుగూ పూర్తిచెయ్యడమే. ఎరుపులో ఎమ్.వి. అన్న జత చిక్కడం మాత్రం మహాకష్టం. నా దగ్గర లేదు లెండి!

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి. వేపుడు చేశాక మూకుట్లో మిగిలిన కొవ్వుని అక్కడి ఇల్లాళ్ళు వడకట్టి డబ్బాలో దాచి, మాంసం కొట్టువాడికి ఇచ్చేవారు. ఆ కొవ్వునుంచి గ్లిజరిన్ తీసి పేలుడు మందుకి వాడేవారు. 1943 చివరినుంచి ఇచ్చిన కొవ్వుకి డబ్బే కాక ఎర్రపాయింట్లు కూడా వచ్చేవి. కాగిన నూనెని జాగ్రత్తచేసే మనకి వాళ్ళు పరాయివాళ్ళనిపిస్తారా చెప్పండి?

ఆ బిళ్ళలు చేతిలో పెట్టుకుని చూస్తుంటేనే మా అత్తయ్య గుర్తొచ్చింది.

1984లో నేను కాపురానికి వచ్చేసరికి వంటింట్లో ఆవిడ ఇత్తడి పోపుల పెట్టె ఉండేది. ఆవాల గిన్నె కింద మధ్యలో పెద్ద చిల్లున్న కాణీ ఒకటి. "చెల్లని కాణీ ఎందుకత్తయ్యా?" అంటే "ఉండనీవే" అనేది. అంతకుమించి చెప్పేది కాదు. స్టీలు సామాన్ల మోజులో నేను ఒకరోజు ఆ పెట్టెని పాత సామాన్లవాడికి వేసి స్టీలుది తీసుకున్నాను. కాణీ అందులో ఉందని నాకు తెలుసు. తియ్యాలనిపించలేదు. ఆ కాణీతో తూకం రవ్వంత పెరుగుతుందనుకున్నానేమో, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పెట్టె గురించి అత్తయ్య నన్ను పల్లెత్తు మాట అనలేదు.

ఆఖరిరోజుల్లో, మంచం పట్టాక అడిగింది. "ఆ కాణీ మనవరాలికిద్దామనుకుంటున్నాను, ఉందా?" అని. అప్పుడు చెప్పింది కథంతా. వాళ్ళది కాకినాడ. 1942 ఏప్రిల్ 6న జపానువాళ్ళు విశాఖపట్నంమీదా, కాకినాడమీదా బాంబులు వేశారు. అప్పటికి అత్తయ్యకి పదేళ్ళు. ఊరు ఖాళీ అయిపోతుంటే తల్లి పిల్లల్ని తీసుకుని పుట్టింటి పల్లెకి వెళ్ళిపోయింది. తండ్రి ఉద్యోగంకోసం ఉండిపోయాడు. బర్మా శత్రువుల చేతిలో పడ్డాక కిరసనాయిలు కరువు, బియ్యం ప్రియం. చిల్లర కూడా దొరికేది కాదట. 1943లో సర్కారు రాగి కలిసిన లోహం ఆదా చెయ్యడానికి కాణీకి మధ్యలో చిల్లు పెట్టింది. పాత కాణీ ఐదు గ్రాములకు కాస్త తక్కువైతే, ఇది రెండే గ్రాములు. ఆ కొత్త కాణీ ఒకటి దారానికి కట్టి తెచ్చి తండ్రి అత్తయ్య మెళ్ళో వేశాడట. "ఎవరైనా అడిగితే మాకు చిల్లిగవ్వ లేదుగానీ చిల్లు కాణీ ఉందని చెప్పు" అని నవ్వించాడట. మర్నాడే వెళ్ళిపోయాడు. ఆ ఏడే జ్వరమొచ్చి పోయాడు.

అదంతా విని నేనేమన్నానో తెలుసా? "ఉంది అత్తయ్యా, ఎక్కడో పెట్టాను, వెతికిస్తాను" అన్నాను. రెండు నెలలకి ఆవిడ పోయింది.

అమెరికానుంచి వచ్చాక కోఠి ఫుట్‌పాత్ మీద పాత నాణేలవాడి దగ్గర 1943 చిల్లు కాణీ ఒకటి కొన్నాను. అదేమంత అరుదైనది కాదు. ఒకపక్క కిరీటం, ఇంకోపక్క చిల్లు చుట్టూ ఆకుల దండ. ఇంటికి తేగానే చింతపండేసి తళతళలాడేలా తోమేశాను. మరోసారి వెళ్ళినప్పుడు చూపిస్తే అతను తల పట్టుకున్నాడు. "అమ్మా, ఆ నలుపే దాని వయసు. మీరు వయసంతా కడిగేశారు" అన్నాడు.

కాబట్టి మీరెవరైనా ఈ సరదాలోకి దిగితే నా మాట వినండి. పాత నాణేలని తోమకండి. చింతపండు, నిమ్మకాయ, బూడిద ఏదీ వద్దు. అంచులు పట్టుకోవాలి తప్ప వేళ్ళు మొహంమీద పెట్టకూడదు. మెత్తటి పీ.వీ.సీ. ప్లాస్టిక్ కవర్లలో ఉంచితే నాణేలు జిగటపట్టి పాడవుతాయి. పొడిగా ఉండే కాగితపు పొట్లాలు మేలు. ఫైబరు బిళ్ళలకైతే తడి బొత్తిగా తగలనివ్వకండి. వీటన్నిటికన్నా ముఖ్యం, పొట్లంమీద అది ఎవరిదో, ఎలా వచ్చిందో రాసి పెట్టండి. రాయకపోతే మన తరవాతవాళ్ళకి అవి ఉత్త చిల్లపెంకులే. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఇవాళే అడగండి. నాలా ఆలస్యం చెయ్యకండి.

ఆ అమెరికా ఇల్లాలి ఎర్రబిళ్ళ, ఈ చిల్లు కాణీ పక్కపక్కన పెట్టుకుని చూస్తుంటాను. రెండూ ఒకే యుద్ధం పిల్లలు. అయితే ఒకటే తేడా. అక్కడ కొరతని కాస్తో కూస్తో అందరికీ పంచారు. ఇక్కడ అదే 1943లో బెంగాల్లో లక్షలమంది తిండిలేక చచ్చిపోయారు. కాణీ మధ్య చిల్లు చూసినప్పుడల్లా నాకు అదీ గుర్తొస్తుంది.

మొన్న సెలవులకి వచ్చిన మనవరాలు నా పొట్లాలన్నీ విప్పి చూస్తూ ఆ కాణీ పట్టుకుని "అమ్మమ్మా, ఇది తాతమ్మదా?" అంది. అవునంటే ఎంత తేలిక! వాళ్ళమ్మా సంతోషించేది.

"కాదమ్మా. తాతమ్మది నేను పారేశాను. ఇది కొన్నది" అన్నాను.

అది కాసేపు ఆలోచించి ఒక కాగితం తెచ్చి, ఆ మాటే వచ్చీరాని తెలుగులో రాసి పొట్లంలో పెట్టింది. అందులో రెండు తప్పులున్నాయి. దిద్దలేదు. అలాగే ఉంచాను.