గుయ్‌మన్న ఆంప్‌కి గుజరాతీ గల్లీ మందు

కోఠి అంటే పాత పుస్తకాలు, సుల్తాన్ బజార్ షాపింగే అనుకుంటున్నారా? ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్‌లో దిగి, జనంలో కాస్త ఈదితే గుజరాతీ గల్లీ వస్తుంది. ఇక్కడ బేరాలన్నీ రెసిస్టర్లకీ, కెపాసిటర్లకీ, స్పీకర్లకీ!

నేను వెళ్లింది వాల్వు గిటార్ ఆంప్ కట్టుకోవడానికి. వాల్వంటే తాతల కాలం రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు గొట్టం. ట్రాన్సిస్టర్ వచ్చాక రేడియోలు దాన్ని వదిలేశాయి కానీ గిటారిస్టులు వదల్లేదు. గట్టిగా మీటితే స్వరం ఠక్కున పగిలిపోకుండా తీయగా గరగరలాడుతుంది మరి.

నాది చిన్న డిజైన్. ముందు ఒక ఈసీసీ 83, వెనక ఒక ఈఎల్ 84, మొత్తం 5 వాట్లు. ఫేమస్ వోక్స్ ఏసీ 30లో ఇవే ఈఎల్ 84లు నాలుగుంటాయి. మన పాత రేడియోలు చాలావాటిలో స్పీకర్‌ని మోగించిందీ ఇదే. అందుకే పాత రేడియోలోని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దీనికి పనికొస్తుంది. నాకది గురువారం జరిగే జుమ్మెరాత్ బజార్‌లో దొరికింది. బెంగళూరు బీఈఎల్ తయారీ వాల్వు మాత్రం గల్లీలోనే దొరికింది. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ అక్కడే ఓ ముసలి చాచా చేత చుట్టించాను.

అంతా కలిపి ఆన్ చేస్తే... గుయ్‌య్! గిటార్ తీసేసినా ఆగదు. ఫోన్‌లో స్పెక్ట్రమ్ యాప్ పెడితే 50 హెర్ట్జ్ దగ్గర కొండంత గీత. ఆంప్‌ని బ్యాగులో వేసుకుని చాచా దగ్గరికే వెళ్లాను.

ఆయన ఒక్క క్షణం విని, "యాభై. వంద కాదు బేటా" అన్నారు. యాప్ సంగతి నేనింకా చెప్పనేలేదు!

తేడా మీరూ పట్టొచ్చు. గిటార్ ఆరో తీగ మూడో ఫ్రెట్ దాదాపు 98 హెర్ట్జ్. మోత ఆ స్వరానికి దగ్గరగా ఉంటే ఫిల్టర్ కెపాసిటర్‌ని అనుమానించాలి. దానికి సరిగ్గా ఒక స్థాయి కింద ఉంటే హీటర్ వైర్లనో, గ్రౌండ్‌నో చూడాలి. చాచా ఆఫ్ చేసి ఈసీసీ 83 పీకి, మళ్లీ ఆన్ చేశారు. మోత పోయింది. అంటే జబ్బు ముందు భాగంలోనే ఉంది. 6.3 వోల్టుల హీటర్ చుట్టకి మధ్య ట్యాప్ లేదు. రెండు కొసల నుంచీ చెరో 100 ఓమ్‌ల రెసిస్టర్‌ని ఛాసిస్‌కి కలిపి, హీటర్ వైర్లు రెండింటినీ జడలా మెలేశారు. నిశ్శబ్దం!

అయితే టంకం పెట్టేముందు ప్లగ్ పీకి, మీటర్‌తో కెపాసిటర్ చూశారు. స్విచ్ ఆపినా అందులో 300 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. మనిషిని చంపడానికి అది చాలు. "తొందరపడేటోడికి ఈ పని వద్దు" అన్నారు.

ఈ పని ఎవరికైనా నేర్పారా అనడిగితే నవ్వారు. వాళ్లబ్బాయిది మొబైల్ షాపు.

పార్టులు ఆన్‌లైన్‌లో రెండ్రోజుల్లో ఇంటికొస్తాయి. మోత విని జబ్బు చెప్పే చెవి రాదు. అందుకే గల్లీకి వెళ్లేటప్పుడు పార్టుల లిస్టుతో పాటు ఒకట్రెండు సందేహాలు కూడా పట్టుకెళ్లండి. చాచా లాంటివాళ్లు ఉన్నప్పుడే!