లెక్కల మీద నడిచే ఊరు

దత్తాంశ విజ్ఞానం, అంటే నేడు అందరూ డేటా సైన్స్ అంటున్నది, ప్రస్తావనకు రాగానే చదువుకున్నవారి మనస్సులో మెదిలేవి లండన్, డబ్లిన్, బెర్లిన్ వంటి ఐరోపా రాజధానులు. ఛత్తీస్‌గఢ్‌లో అర్పా నది ఒడ్డున ఉన్న బిలాస్‌పూర్ పేరు ఆ వరుసలో ఎవరికీ తట్టదు. కాని దత్తాంశ విజ్ఞానమంటే జరిగినదానిని జరిగినచోటనే అంకెగా రాసుకొని, అటువంటి అంకెలను వేలకు వేలు ఒకచోట చేర్చి, రేపు చేయవలసిన పనిని వాటి నుండి తేల్చుకోవడమే అయితే, ఈ రైల్వే పట్టణం నూరేళ్ళకు పైగా చేస్తున్న పని అదే.

బిలాసా అనే జాలరి వనిత పేరు మీద ఈ ఊరు వెలసిందని స్థానికులు చెప్పుకుంటారు. ఊరికి ఆమె పేరు పెట్టినా, దాని తలరాత రాసింది మాత్రం బెంగాల్ నాగపూర్ రైల్వే. 1887లో ఏర్పడిన ఆ కంపెనీ నాగపూర్ నుండి అసన్‌సోల్ వరకు వేసిన ప్రధాన మార్గం 1891లో పూర్తయింది. అదే కాలంలో ఉత్తరాన కట్నీ వైపు మరొక మార్గం చీలింది. అలా బిలాస్‌పూర్ జంక్షన్ అయింది. తూర్పున చాంపా నుండి చీలే శాఖామార్గం కోర్బా బొగ్గుగనులకు పోతుంది. అక్కడి గెవరా గని 1981లో మొదలై, ప్రపంచంలోని మహాగనులలో ఒకటిగా పెరిగింది. ఇన్ని దారుల బరువు వచ్చి పడే కూడలిలో లెక్క తప్పితే ఊరే స్తంభించిపోతుంది.

ఈ రైల్వే కంపెనీ కొలువులే తెలుగువారిని కూడా ఇక్కడికి రప్పించాయి. తూర్పుతీర రైలుమార్గపు ఉత్తరభాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. దానితో వాల్తేరు, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలు, బిలాస్‌పూర్ ఒకే యజమాని కిందికి చేరాయి. 1931లో తూర్పు కనుమలను దాటి రాయపూర్–విజయనగరం మార్గం పూర్తి కావడంతో ప్రయాణం సుగమమైంది. ఉద్యోగానికి వచ్చినవారు సంసారాలను తెచ్చుకున్నారు, పిల్లలకు ఇక్కడే పెండ్లిళ్ళు చేశారు. నేటికీ రైల్వే ప్రాంతంలో తెలుగువారు ఏటేటా సోలాపురి మాత పూజను వేడుకగా జరుపుకుంటారు. కోర్బా నుండి విశాఖపట్నం వెళ్ళే బండి బిలాస్‌పూర్ మీదుగానే పోతుంది. ఇక్కడి నుండే తిరుపతికి నేరుగా ఒక బండి ఉన్నది. బుధవారీ బజారులో బేరమాడే గొంతులలో హిందీ, ఛత్తీస్‌గఢీలతో పాటు ఉత్తరాంధ్ర యాస వినిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు.

ఇక లెక్కల సంగతి. కంప్యూటర్లు రాకముందు యార్డులోకి ప్రవేశించిన ప్రతి గూడ్సుబండి పక్కన ఒక మనిషి నడిచేవాడు. నంబర్ టేకర్ అని అతని హోదా. చేతిలో పుస్తకం, రాత్రివేళ అయితే దీపం. ఒక్కొక్క వ్యాగన్ నంబరు చూసి రాసుకుంటూ బండి తోక వరకు పోవాలి. వాన కురిసినా, వడగాలి వీచినా అంతే. నేటి పద్ధతిలో ఆ నంబరుకు 11 అంకెలు. మొదటి రెండూ వ్యాగన్ ఏ రకమో చెబుతాయి, తరువాతి రెండు ఏ రైల్వేదో, ఆ పైన రెండు ఏ సంవత్సరం తయారైందో, మరి నాలుగు దాని వరుస సంఖ్య. మిగిలిన పదకొండవ అంకె ఉన్నదే, అది కాపలాదారు. ముందున్న పది అంకెలతో ఒక చిన్న లెక్క చేస్తే వచ్చే ఫలితమే అది. రాసేవాడి చేయి జారి ఏడు ఒకటైనా, మూడు ఎనిమిదైనా చివరి అంకెతో పొసగదు. తప్పు అక్కడికక్కడే పట్టుబడుతుంది. మనిషి పొరబడతాడని ముందే ఒప్పుకొని, దానికి తగిన ఏర్పాటు చేసుకున్న తెలివి ఇది. 58 వ్యాగన్ల బొగ్గు రేక్ ఒక్కటి గడిస్తే 638 అంకెలు సరిచూడాలి.

ఆ అంకెలకు రూపమిచ్చే చోటు కంట్రోల్ కార్యాలయం. అక్కడి చార్టులో అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు. ప్రతి స్టేషన్ నుండి బండి దాటిన వేళను టెలిఫోనులో చెబుతుంటే సెక్షన్ కంట్రోలర్ రంగు పెన్సిళ్ళతో గీతలు లాగేవాడు. గీత నిటారుగా ఉంటే బండి వడిగా పోతున్నట్లు, వాలితే నెమ్మదించినట్లు, పూర్తిగా పడుకుంటే ఎక్కడో నిలిచిపోయినట్లు. అనుభవజ్ఞుడైన కంట్రోలర్ ఆ చార్టును పురోహితుడు పంచాంగం చూసినట్లు చూస్తాడు. ఒంటి పట్టా మార్గంలో ఎదురెదురుగా వచ్చే బండ్ల గీతలు రెండు ఖండించుకునే చోట తప్పక స్టేషన్ ఉండాలి. మరెక్కడ ఖండించుకున్నా అది ప్రమాదమే. ఈ తరహా పటం ఐరోపా కానుక. పారిస్–లియోన్ రైళ్ళ రాకపోకలను ఇలాగే చిత్రించిన పటాన్ని ఎతియెన్ జూల్ మారే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పందొమ్మిదవ శతాబ్దంలోనే తన గ్రంథంలో ప్రచురించాడు. దత్తాంశాన్ని బొమ్మగా చూపే విద్యకు దానిని మేటి ఉదాహరణగా నేటికీ బోధిస్తారు. పారిస్‌లో పాఠమైనది బిలాస్‌పూర్‌లో జీతానికి చేసే నిత్యకృత్యమన్నమాట!

అయితే చాలాకాలం వరకు ఇక్కడ పుట్టిన అంకె ఇక్కడ నిలిచేది కాదు. కలకత్తాలోని గార్డెన్ రీచ్‌లో ప్రధాన కార్యాలయం ఉండేది. బెంగాల్ నాగపూర్ రైల్వే పోయి, 1955లో ఆగ్నేయ రైల్వే వచ్చినా ఆ ఏర్పాటు మారలేదు. గణాంకాలు అక్కడికి పోయేవి, ఉత్తరువులు ఇక్కడికి వచ్చేవి. బరువు మోసేది తామైతే నిర్ణయం చేసేది మరొకరన్న అసంతృప్తి ఊరిలో పేరుకుపోయింది. ప్రత్యేక రైల్వే జోన్ కోసం 1990లలో ఇక్కడ సాగిన ఆందోళన చిన్నది కాదు. 1998లో ప్రారంభోత్సవం జరిగినా, 2003 ఏప్రిల్‌లో గాని ఆగ్నేయ మధ్య రైల్వే బిలాస్‌పూర్ కేంద్రంగా పూర్తిగా పనిచేయనారంభించలేదు. బిలాస్‌పూర్, రాయపూర్, నాగపూర్ దాని మూడు డివిజన్లు. అంకెలు ఇంటికి చేరడమంటే అధికారం ఇంటికి చేరడమే.

రైల్వేల సమాచార వ్యవస్థలను నిర్మించడానికి 1986లో ఢిల్లీలో క్రిస్ అనే సంస్థను స్థాపించారు. సరుకు రవాణా సమాచార వ్యవస్థ వచ్చిన తరువాత ఏ వ్యాగన్ ఎక్కడ ఉన్నదో తెర మీద కనిపిస్తున్నది. రంగు పెన్సిలు గీసిన గీతను కంప్యూటరే గీస్తున్నది. ఇంజన్లలో అమర్చిన పరికరాలు ఉపగ్రహం ద్వారా తమ ఉనికిని తామే చెబుతున్నాయి. ఒకసారి బొగ్గు నింపిన వ్యాగన్ తిరిగి ఎన్ని రోజులకు నింపడానికి వస్తుందన్నది రైల్వేవారికి ప్రాణప్రదమైన లెక్క. అందులో ఒక పూట తగ్గినా కొత్త వ్యాగన్లు కొన్నంత లాభం. 2022–23లో ఈ జోన్ 20 కోట్ల టన్నులకు పైగా సరుకు నింపిందంటే, ఆ ఘనతలో బొగ్గుతో పాటు అంకెలకూ వాటా ఉన్నది.

లెక్క మీద ధీమా పెరిగితే సాహసమూ పెరుగుతుంది. 2022 ఆగస్టు 15న ఐదు గూడ్సుబండ్లను ఒకదానికొకటి తగిలించి ‘సూపర్ వాసుకి’ పేరుతో కోర్బా నుండి రాజనందగావ్‌కు నడిపారు. 295 వ్యాగన్లు, ఆరు ఇంజన్లు, మూడున్నర కిలోమీటర్ల పొడవు, సుమారు 27 వేల టన్నుల బొగ్గు! 267 కిలోమీటర్లు పోవడానికి 11 గంటల 20 నిమిషాలు పట్టింది. గంటకు 24 కిలోమీటర్లు కూడా పడలేదని నవ్వేవారు నవ్వవచ్చు. ఐదు బండ్లకు ఐదు సార్లు దారి ఇవ్వవలసిన చోట ఒక్కసారి ఇస్తే సరిపోయిందన్నది కంట్రోలర్‌కు తెలిసిన లాభం.

ఈ మెచ్చుకోలు వెనుక ఒక చిక్కు ప్రశ్న ఉన్నది. టన్నుకు లెక్క ఉన్నది, కిలోమీటరుకు ఉన్నది. ప్లాట్‌ఫారం మీద కూర్చుండిపోయిన మనిషి నిరీక్షణ ఏ పట్టికలోకి ఎక్కుతుంది? అదే 2022 ఏప్రిల్‌లో దేశంలోని విద్యుత్కేంద్రాలకు బొగ్గు చాలక, గూడ్సులకు దారి ఇవ్వడం కోసం ప్రయాణికుల రైళ్ళను రద్దు చేశారు. ఆ దెబ్బ ఎక్కువగా తగిలింది ఈ ప్రాంతానికే. నాటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ నిరసన తెలిపారు. దేశమంతటికీ దీపం వెలగాలంటే బొగ్గు ముందు పోవలసిందేనన్న వాదాన్ని కొట్టిపారేయలేము. కాని ఆసుపత్రికో పరీక్షకో బయలుదేరవలసినవాడికి కలిగిన నష్టం ఏ టన్నుల పట్టికలోనూ తీసివేతగా కనిపించదు. కొలవగలిగినదే ముందు కదులుతుంది.

ఇంతకన్న కఠినమైన పాఠం 2025 నవంబరు 4న ఎదురైంది. గెవరా రోడ్డు నుండి వస్తున్న మెము బండి బిలాస్‌పూర్ దగ్గర నిలిచి ఉన్న గూడ్సును వెనుక నుండి ఢీకొన్నది. పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఏ క్షణాన ఏ సిగ్నల్ ఏ రంగులో ఉన్నదో నమోదు చేసే డేటా లాగర్లు నేడు స్టేషన్లలో ఉంటాయి. ఇటువంటి దర్యాప్తులకు అవే మూగసాక్షులు. జరిగినదంతా అవి పూసగుచ్చినట్లు చెబుతాయి, జరగబోయేదాన్ని ఆపడం వాటి పని కాదు. ఆపడానికి ఉద్దేశించినది ‘కవచ్’. ఎర్ర సిగ్నల్‌ను దాటబోయే ఇంజన్‌కు తానే బ్రేకు వేసే ఆ స్వదేశీ వ్యవస్థను తొలిసారి పరీక్షించింది మన దక్షిణ మధ్య రైల్వేలోనే. 2016లో లింగంపల్లి, వికారాబాద్, వాడి మార్గంలో ప్రయాణికుల రైళ్ళ మీద దాన్ని ప్రయోగించి చూశారు. కోట్ల టన్నులను గ్రాములతో సహా లెక్కించే మార్గాలకు ఇటువంటి రక్షణ అన్నిటికన్న ముందు అందవలసింది.

లెక్కకెక్కని మనుషులను గురించి ఈ స్టేషన్‌కే ఒక సాక్ష్యం ఉన్నది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1918లో వెలువరించిన ‘పలాతక’ సంపుటిలోని ‘ఫాంకి’ అనే కవితకు రంగస్థలం బిలాస్‌పూర్ జంక్షనే. జబ్బుపడిన భార్య బిను, ఆమెను గాలిమార్పు కోసం తీసుకుపోతున్న భర్త బండి మారడానికి ఇక్కడ ఆరుగంటలు ఆగుతారు. రుక్మిణి అనే పేదరాలు కూతురి పెండ్లికి 25 రూపాయలు కావాలంటుంది. ఇమ్మని బిను భర్తకు చెబుతుంది. అతడు సరేనని రెండు రూపాయలు మాత్రం చేతిలో పెట్టి, ఇచ్చేశానని భార్యతో అంటాడు. రెండు నెలలకే ఆమె కన్నుమూస్తుంది. మిగిలిన 23 రూపాయల బాకీ తీర్చుకుందామని తిరుగుప్రయాణంలో అతడు బిలాస్‌పూర్‌లో దిగి ఎందరినో అడుగుతాడు. రుక్మిణి ఎవరో, ఎటు వెళ్ళిందో చెప్పగలవారు స్టేషన్‌లో ఒక్కరూ దొరకరు.

ఆ కవితను ఫలకం మీద చెక్కించి స్టేషన్‌లో నిలిపారు. బండి ఆలస్యమైనవారికి నింపాదిగా చదువుకునే వీలు కలుగుతుంది.